దిక్కూ మొక్కూ లేని డైరెక్టరీలు

"ఇన్‌స్టాల్ చేసినరోజు బ్రహ్మాండంగా నడిచిందండీ, రీబూట్ చేశాక లేవడం లేదు." ఈ మాట వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డాయి. ప్యాకేజీ ఎవరు చేశారని అడిగితే చూపించడానికి మనిషి ఉంటాడు. ఆ సర్వీసు వాడుకునే తాత్కాలిక డైరెక్టరీని ఎవరు పుట్టించాలి, అది ఎవరి పేరున ఉండాలి, ఎప్పుడు పోవాలి అని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మా రోజుల్లో ఈ మూడింటికీ జవాబు చెప్పలేనివాడి ప్యాకేజీని సర్వర్ దాకా రానిచ్చేవాళ్లం కాదు. ఇప్పుడు మాకు కలలో కూడా లేని పనిముట్లు వచ్చాయి. అడిగేవాళ్లే పోయారు. నా కోపమంతా అక్కడ.

తెలియనివాళ్ల కోసం కాస్త చెబుతాను. లినక్స్ సర్వర్‌లో ఎవరూ లాగిన్ కాకపోయినా వెనకాల నడిచే సర్వీసులుంటాయి. వాటిని డీమన్‌లంటాం. వెబ్ సర్వర్, డేటాబేస్, మెయిల్, ప్రింట్ క్యూ అన్నీ ఆ జాతివే. నడిచే ప్రతి డీమన్‌కీ కొంత చిల్లర సామాను కావాలి. తన ప్రాసెస్ నంబరు రాసిపెట్టుకునే పీఐడీ ఫైలు, పక్క ప్రోగ్రాములు వచ్చి మాట్లాడే సాకెట్, తనదే రెండో కాపీ లేవకుండా అడ్డుకునే లాక్ ఫైలు, మధ్యలో చిత్తు పనికి కొన్ని ఫైళ్లు. మెషీన్ ఆగిందంటే వీటిలో చాలావాటికి విలువ లేదు. విలువ లేకపోవడం అటుంచి, నిన్నటి పీఐడీ ఫైలు ఇవాళ మిగిలి ఉంటే అది ప్రమాదం.

ఆ ప్రమాదం ఎలాంటిదో హైదరాబాదులో కరెంటు కోతల కాలంలో సర్వర్లు కాచినవాళ్లకి బాగా తెలుసు. యూపీఎస్ బ్యాటరీ అయిపోయి మెషీన్ ధబేలుమని పడిపోయేది. డీమన్‌కి తన ఫైలు తీసేసే వ్యవధి ఎక్కడిది? కరెంటొచ్చి మెషీన్ లేచేసరికి ఆ ఫైల్లో 612 అనే నంబరు అలాగే ఉండేది. ఇప్పుడు 612 ఇంకెవరిదో ప్రాసెస్. డీమన్ వచ్చి ఫైలు చూసి, ఆ నంబరుతో ఎవరో నడుస్తున్నారు కాబట్టి తాను నడుస్తున్నట్టే అనుకుని వెనక్కి వెళ్లిపోయేది. ఆపమని చెప్పామా, సంబంధం లేని ఆ 612ని పట్టుకుని చంపేది. అందుకే పాత రెడ్‌హ్యాట్‌లో బూట్ అయ్యేటప్పుడు నడిచే ఆర్‌సీ.సిస్‌ఇనిట్ స్క్రిప్టు /వార్/రన్‌లోకి వెళ్లి ఫైళ్లన్నీ తుడిచేది, డైరెక్టరీలు మాత్రం ఉంచేది. 2004లో వచ్చిన ఫైల్‌సిస్టమ్ హైరార్కీ స్టాండర్డ్ 2.3 కూడా బూట్ మొదట్లో /వార్/రన్ ఫైళ్లు ఖాళీ కావాలనే చెప్పింది.

అప్పటి ఇనిట్ స్క్రిప్టు ఒకటి తెరిచి చూడండి. స్టార్ట్ అని ఒక ఫంక్షన్ ఉంటుంది. అందులో మొదటి పంక్తి: /వార్/రన్ కింద నా డైరెక్టరీ ఉందా? రెండోది: లేకపోతే సృష్టించు. మూడోది: దాన్ని నా యూజర్ పేరు మీదికి మార్చు. నాలుగోది: బయటివాళ్లు రాయకుండా పర్మిషన్ 755 పెట్టు. ఆ తర్వాతే డీమన్‌ని లేపు. పైనుంచి కిందికి చదివితే కథంతా తెలిసిపోయేది. డైరెక్టరీ ఏ ప్యాకేజీదో అనుమానం వస్తే ఆర్‌పీఎం మైనస్ క్యూఎఫ్ అని కొట్టి పేరు తెలుసుకునేవాళ్లం. పేరు రాలేదంటే ఆ డైరెక్టరీ అనాథ అన్నమాట. ఎవరు పెట్టారో తేలేదాకా వదిలేవాళ్లం కాదు. పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీల మీద లినక్స్ నేర్చుకున్నవాళ్లం మేము. పక్కన అడగడానికి మనిషి లేడు, వెతకడానికి ఇంటర్‌నెట్ గంటకింత అని కొనుక్కోవాలి. మ్యాన్ పేజీ తెరిచి చివరిదాకా చదవడం తప్ప దారి లేదు. చదివేవాళ్లం.

అలాగని మా కాలంలో అంతా సవ్యంగా ఉందని నేను అబద్ధం చెప్పను. /టెంప్ విషయంలో ఘోరాలు జరిగాయి. షెల్ స్క్రిప్టు రాసే ప్రతివాడూ చిత్తు ఫైలుకి /టెంప్/ఫలానా.$$ అని పేరు పెట్టేవాడు. రెండు డాలర్ గుర్తులున్న చోట ఆ స్క్రిప్టు ప్రాసెస్ నంబరు వచ్చి కూర్చుంటుంది. అప్పట్లో ఆ నంబర్లు 32,768 దాటేవి కావు. అదే మెషీన్‌లో లాగిన్ ఉన్న దుర్మార్గుడెవడైనా ఆ పేర్లన్నిటితో ముందుగానే సింబాలిక్ లింకులు పెట్టి, వాటన్నిటినీ /ఈటీసీ/పాస్‌వర్డ్ ఫైలు వైపు తిప్పి కూర్చుంటే చాలు. రూట్ హక్కులతో నడిచే స్క్రిప్టు వచ్చి, తన చిత్తు ఫైలే అనుకుని యూజర్ల పట్టిక మొత్తాన్ని చెరిపేసేది. /టెంప్‌కి 1777 పర్మిషన్ ఉంటుంది కదా, అందులో ఆ ఒకటి స్టికీ బిట్ కదా అంటారు. నిజమే. ఒకడి ఫైలు ఇంకొకడు తీసేయకుండా అది ఆపుతుంది. కానీ పేరు ముందే కనిపెట్టి ఆ స్థలంలో వలపన్నితే అది ఆపలేదు.

దానికి మందు కూడా అప్పుడే వచ్చింది. ఎంకేటెంప్ అనే ఆదేశం ఎవరూ ఊహించలేని పేరుతో ఫైలు సృష్టించి ఇస్తుంది. ఆ పేరుతో ముందే ఏదైనా ఉంటే ఒప్పుకోదు. మైనస్ డీ పెడితే ఏడు సున్నా సున్నా పర్మిషన్‌తో డైరెక్టరీయే ఇస్తుంది. 2012లో వచ్చిన కెర్నల్ 3.6 ఇంకో అడుగు వేసి, స్టికీ బిట్ ఉన్న ఇలాంటి ఉమ్మడి డైరెక్టరీల్లో పరాయివాడు పెట్టిన సింబాలిక్ లింకు వెంట వెళ్లకుండా అడ్డుకునే వీలు తెచ్చింది. డిస్ట్రిబ్యూషన్లు దాన్ని ఆన్ చేసిపెట్టాయి. మంచిదే. కానీ మాకు కాపలా కాసింది ఆ రక్షణ కాదు, భయం. కాలేజీ సర్వర్ అంటే ఒకే మెషీన్‌లో వందమంది విద్యార్థులు. /టెంప్‌లో చెయ్యి పెట్టేటప్పుడు పక్కవాడు చూస్తున్నాడని మాకు తెలుసు. ఇప్పుడు ప్రతివాడికీ ఒక వర్చువల్ మెషీన్. "ఇందులో నేనొక్కణ్ణే కదా సార్" అంటారు. ఒక్కడే ఎక్కడున్నాడు? వెబ్ సర్వర్ యూజర్ ఉన్నాడు, డేటాబేస్ యూజర్ ఉన్నాడు, మానిటరింగ్ ఏజెంట్ ఉంది, బ్యాకప్ ఏజెంట్ ఉంది. వీటిలో ఏ ఒక్కదానిలో రంధ్రం పడినా లోపలికొచ్చినవాడు మొట్టమొదట చూసేది అందరూ రాయగలిగే /టెంప్‌నే.

2011లో పెద్ద మార్పు జరిగింది. ఆ మే నెలలో విడుదలైన ఫెడోరా 15, సర్వీసుల్ని లేపి ఆపే సిస్టమ్‌డీతో పాటు /రన్ అనే కొత్త డైరెక్టరీని తెచ్చింది. అది డిస్కు మీద ఉండదు, మెమరీలో ఉంటుంది. పాత /వార్/రన్ పేరుతో పిలిచినా చేరేది అక్కడికే. దీనికి కారణం ఉంది. బూట్ మొదటి క్షణాల్లో /వార్ ఇంకా మౌంట్ కాకముందే యూడెవ్ లాంటి ప్రోగ్రాములకి రాసుకోవడానికి జాగా కావాలి. జాగా లేక అవి /డెవ్ కింద చుక్కతో మొదలయ్యే దాపుడు డైరెక్టరీలు పెట్టుకునేవి. /రన్ వచ్చి ఆ అవస్థ తీర్చింది. కరెంటు పోతే మెమరీతో పాటు పాత పీఐడీ ఫైళ్లూ పోతాయి, తుడిచే స్క్రిప్టు అక్కర్లేదు. ఉబుంటు అంతకుముందు నుంచే /వార్/రన్‌ని మెమరీలో పెట్టింది. డెబియన్ 2013లో వీజీతో వచ్చి చేరింది, రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 2014లో ఏడో వెర్షన్‌తో చేరింది. 2015లో ఫైల్‌సిస్టమ్ హైరార్కీ స్టాండర్డ్ 3.0 దీనికి అధికార ముద్ర వేసింది. ఈ మార్పుని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

మరి ఏడుపు ఎవరి మీదంటే, ప్యాకేజీలు చేసేవాళ్ల మీద. ప్యాకేజీలో /వార్/రన్/ఫలానా అని ఒక డైరెక్టరీని ఫైళ్ల జాబితాలో రాసేసి చేతులు దులుపుకున్నారు. ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఆర్‌పీఎం ఆ డైరెక్టరీని పుట్టిస్తుంది. సర్వీసు లేస్తుంది. టెస్ట్ పాసయింది. నాలుగు నెలల తర్వాత కెర్నల్ ప్యాచ్ వేసి రాత్రి రెండింటికి రీబూట్ చేస్తారు. మెమరీ ఖాళీ, డైరెక్టరీ మాయం. డీమన్ రూట్ కాదు, మామూలు యూజర్. /రన్ రూట్‌ది, 755. అందులో కొత్త డైరెక్టరీ పెట్టే హక్కు దానికి లేదు. సాకెట్ పెట్టబోతుంది, అలాంటి డైరెక్టరీ లేదంటుంది, చస్తుంది. నిద్ర పాడయ్యేది ప్యాకేజీ చేసినవాడికి కాదు, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న పిల్లలకి.

దీనికి మందు ఒక్క పంక్తి. నిజంగా ఒక్కటే. /యూఎస్ఆర్/లిబ్/టెంప్‌ఫైల్స్.డీ అనే చోట ఫలానా.కాన్ఫ్ అని చిన్న ఫైలు పెట్టి, అందులో ఇలా రాయాలి:

డీ /రన్/ఫలానా 0750 ఫలానా ఫలానా -

మొదటి అక్షరం, డైరెక్టరీ లేకపోతే సృష్టించమని. తర్వాత దాని చిరునామా, పర్మిషన్, యూజర్, గ్రూపు. చివరి గీత, వయసు చూసి శుభ్రం చేయొద్దని. బూట్ అయిన ప్రతిసారీ సిస్టమ్‌డీ ఈ పంక్తి చదివి డైరెక్టరీ పుట్టిస్తుంది. నేను పైన చెప్పిన మూడు ప్రశ్నలకీ జవాబు ఈ ఒక్క పంక్తిలో ఉంది. సర్వర్ యజమానికి వేరే పర్మిషన్ కావాలంటే /ఈటీసీ/టెంప్‌ఫైల్స్.డీలో అదే పేరుతో తన ఫైలు పెట్టుకుంటాడు, ప్యాకేజీది పక్కకి తప్పుకుంటుంది. ఒక్కటి మాత్రం మరిచిపోకూడదు: ఇన్‌స్టాల్ అయిన వెంటనే ఆ ఫైలుని ఒకసారి నడిపించాలి. లేకపోతే జబ్బు తిరగబడుతుంది. రీబూట్ చేశాక లేస్తుంది, ఇన్‌స్టాల్ చేసినప్పుడు లేవదు. డెబియన్‌లో డెబ్‌హెల్పర్ ఆ పని తనే చేసిపెడుతుంది. డెబియన్ పాలసీలోనైతే /రన్ కిందగానీ పాత /వార్/రన్ కిందగానీ ప్యాకేజీ ఏదీ మోసుకురాకూడదని ఖరాఖండీగా రాసుంది.

ఇంత జరిగి ఇన్నేళ్లయ్యాక కూడా, పేరున్న ఒక పెద్ద కంపెనీ అమ్మే ఏజెంట్ మా సర్వర్లలో రీబూట్ తర్వాత లేవలేదు. డబ్బు తీసుకుని అమ్మే సరుకు. వాళ్ల సపోర్టువాళ్లకి రాస్తే వచ్చిన జవాబు: ఆర్‌సీ.లోకల్‌లో ఒక ఎంకేడిర్ పెట్టి, కింద సీహెచ్‌మోడ్ 777 పెట్టుకోండి. 777! ఆ మెషీన్‌లో ఎవరైనా వచ్చి ఆ ఏజెంట్ సాకెట్ తీసేసి తన సాకెట్ పెట్టి, దానికి వచ్చే మాటలన్నీ వినొచ్చన్నమాట. ఆ ఏజెంట్ నడిచేది రూట్ హక్కులతో. మా రోజుల్లో ఇలాంటి జవాబు రాసే ముందు చెయ్యి వణికేది.

సర్వీసుకి సొంత డైరెక్టరీ ఒక్కటే కావాలంటే టెంప్‌ఫైల్స్ కూడా అక్కర్లేదు. 2014 నుంచి, సర్వీసుని ఎలా నడపాలో సిస్టమ్‌డీకి చెప్పే యూనిట్ ఫైల్లోనే రన్‌టైమ్‌డైరెక్టరీ అని రాస్తే, సర్వీసు లేచేటప్పుడు /రన్ కింద డైరెక్టరీ పుడుతుంది, ఆగినప్పుడు పోతుంది. 2017లో వచ్చిన సిస్టమ్‌డీ 235 దీనికి తోబుట్టువుల్ని ఇచ్చింది: రీబూట్ తర్వాతా ఉండాల్సిన డేటాకి స్టేట్‌డైరెక్టరీ, పోయినా మళ్లీ తయారు చేసుకోగలిగేదానికి క్యాష్‌డైరెక్టరీ, లాగులకి ఒకటి, సెట్టింగులకి ఒకటి. నా ఉద్దేశంలో ప్యాకేజింగ్ చరిత్రలో ఇంత మర్యాదైన పని ఇంకొకటి జరగలేదు. ఏ ఫైలు ఏ జాతిదో ముందే ఆలోచించుకోమని ఇది మనిషిని కూర్చోబెడుతుంది. మన పిల్లలు ఆ ఆలోచన మానేసి, ఎక్కడో చూసిన పంక్తిని తెచ్చి అతికిస్తున్నారు. ఫలితం చెబుతాను. ఒకే సాఫ్ట్‌వేర్‌కి రెండు సర్వీసులుంటాయి, అసలుది ఒకటి, పనులు మోసే వర్కర్ ఒకటి. రెండింటి యూనిట్ ఫైళ్లలోనూ ఒకే రన్‌టైమ్‌డైరెక్టరీ పేరు రాస్తారు. వర్కర్‌ని ఆపగానే సిస్టమ్‌డీ చెప్పినట్టే డైరెక్టరీ తీసేస్తుంది. అసలు సర్వీసు సాకెట్ కూడా అందులోనే ఉంది. అది నడుస్తూనే ఉంటుంది, స్టేటస్ అడిగితే పచ్చగానే కనిపిస్తుంది, కానీ ఎవరూ దానితో మాట్లాడలేరు. ఇద్దరు పంచుకునే డైరెక్టరీ అయితే టెంప్‌ఫైల్స్ పంక్తితోనే పెట్టాలి. మ్యాన్ పేజీ చదివినవాడికి ఇది అర్థమవుతుంది.

ఇక పదోరోజు జబ్బు. పాత రెడ్‌హ్యాట్‌లో రోజూ క్రాన్ లోంచి టెంప్‌వాచ్ అనే ప్రోగ్రాం నడిచేది. /టెంప్‌కి 240 గంటలు, /వార్/టెంప్‌కి 720 గంటలు. అంతకాలం ఎవరూ ముట్టని ఫైలు పోతుంది. ఎక్స్ విండోస్ సాకెట్లుండే డైరెక్టరీలని మాత్రం వదిలేయమని దాంట్లో పేరుపేరునా రాసి ఉండేది. డెబియన్‌వాళ్లకి టెంప్‌రీపర్ ఉండేది. ఆ పది రోజులు, ముప్ఫై రోజుల లెక్కనే సిస్టమ్‌డీ తీసుకుంది. మెషీన్ లేచిన 15 నిమిషాలకి ఒకసారి, ఆ తర్వాత రోజుకొకసారి టైమర్ వచ్చి ఊడుస్తుంది. అంటే ఇది కొత్త నియమం కాదు, ఎవరికీ తెలియనిదీ కాదు. అయినా జావా సర్వీసుల్ని చూడండి. స్ప్రింగ్ బూట్‌లో ఉండే టామ్‌క్యాట్, వేరే చోటు చెప్పకపోతే, /టెంప్ కింద తనకో డైరెక్టరీ పెట్టుకుంటుంది. ఎవరైనా ఫైలు అప్‌లోడ్ చేస్తే ముందు అక్కడ పడుతుంది. పది రోజులు ఎవరూ అప్‌లోడ్ చేయలేదనుకోండి, ఊడ్చేవాడు వచ్చి ఖాళీ డైరెక్టరీ కదా అని తీసేస్తాడు. పదకొండోరోజు ఎవరో ఒక పెద్దాయన పెన్షన్ కాగితం అప్‌లోడ్ చేయబోతే, తాత్కాలిక స్థలం చెల్లదని ఎర్రర్ వస్తుంది. సర్వీసు రీస్టార్ట్ చేస్తే బాగవుతుంది. అందుకని రీస్టార్ట్ చేసి టికెట్ మూసేస్తారు. మళ్లీ పది రోజులకి మళ్లీ టికెట్. ప్రతి ఆదివారం సర్వీసు రీస్టార్ట్ చేయమని క్రాన్ పెట్టి, దాన్నే పరిష్కారమని రాసుకున్న చోట్లు కూడా నేను చూశాను.

/టెంప్‌లో వస్తువు పెట్టి నెల తర్వాత వచ్చి వెతుక్కోవడమంటే, రైల్వే ప్లాట్‌ఫారం మీద సూట్‌కేసు వదిలి ఊరికి వెళ్లిరావడమే. ఎక్కువకాలం నడిచే సర్వీసుకి తన డైరెక్టరీ తనకుండాలి. క్యాష్‌డైరెక్టరీ అని ఒక పంక్తి రాసి, జావాకి తాత్కాలిక స్థలం అదేనని చెబితే అయిపోయె. /టెంప్ తప్పదంటే, డైరెక్టరీ మీద ఎఫ్‌లాక్ తీసుకుని కూర్చుంటే సిస్టమ్‌డీ ఊడ్చేటప్పుడు దాని జోలికి పోదు. లేదా టెంప్‌ఫైల్స్‌లో ఎక్స్ అక్షరంతో ఒక పంక్తి రాసి దాన్ని మినహాయించొచ్చు. ఇన్ని దారులుండగా ఆదివారం రీస్టార్ట్ ఏమిటి?

ప్రైవేట్‌టెంప్ సంగతి చెప్పాలి. ఒక కుర్రాడు నా దగ్గరికొచ్చాడు. "సార్, పీహెచ్‌పీ కోడు /టెంప్‌లో ఫైలు రాశానంటోంది, లాగులో సక్సెస్ అని ఉంది, ఎల్ఎస్ కొడితే ఏమీ లేదు" అన్నాడు. అబ్బాయి మొహం పాలిపోయి ఉంది, సగం రోజు దానికే పోయినట్టుంది. రూట్‌గా వెళ్లి /టెంప్‌లో చుక్క ఫైళ్లతో సహా మొత్తం చూడు బాబూ అన్నాను. సిస్టమ్‌డీ-ప్రైవేట్ అని మొదలై, తర్వాత 32 అక్షరాల బూట్ గుర్తు, తర్వాత హెచ్‌టీటీపీడీ.సర్వీస్, చివర అర్థం లేని ఆరు అక్షరాలు, ఇంత పొడుగు పేరున్న డైరెక్టరీ ఒకటి కనపడింది. దానికి 700 పర్మిషన్, యజమాని రూట్. లోపలికి వెళితే అక్కడ ఇంకో టెంప్. దానిలో ఉంది అతని ఫైలు.

యూనిట్ ఫైల్లో ప్రైవేట్‌టెంప్ అవునని రాస్తే, ఆ సర్వీసుకి కనపడే /టెంప్ వేరు, మనకి కనపడేది వేరు. సర్వీసు ఆగితే దాని /టెంప్ కూడా పోతుంది. పక్కవాడు లింకులు పెట్టి వలపన్నే పాత ఘోరానికి ఇంతకంటే గట్టి తలుపు లేదు. ఫెడోరా 2012లో పదిహేడో వెర్షన్‌తో తన సర్వీసులకి దీన్ని వరసగా పెట్టుకొచ్చింది. దీనివల్ల కొన్ని పాత అలవాట్లు విరిగాయి. పోస్ట్‌గ్రెస్ సాకెట్ మొదటినుంచీ /టెంప్‌లోనే ఉండేది. వెబ్ సర్వర్‌కి సొంత /టెంప్ ఇచ్చాక ఆ సాకెట్ దానికి కనపడకుండా పోయింది. అందరూ కలిసే సాకెట్‌ని /టెంప్‌లో పెట్టడమే సరికాదు కాబట్టి డిస్ట్రిబ్యూషన్లు దాన్ని /వార్/రన్ కిందికి తెచ్చాయి. 2013లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 9.3 సాకెట్‌ని ఒకటికంటే ఎక్కువ చోట్ల పెట్టుకునే వీలు కూడా ఇచ్చింది. పెద్ద ప్రాజెక్టులు అలా ఒళ్లు వంచి సర్దుకున్నాయి. మన కుర్రాడు ఏమన్నాడు? "ప్రైవేట్‌టెంప్ తీసేస్తే అయిపోతుంది కదా సార్, నెట్‌లో అదే రాశారు." తీయొద్దన్నాను. నీ కోడు ఫైలు రాయాలి, ఇంకో సర్వీసు చదవాలి అంటే ఆ ఇద్దరికీ ఒక గ్రూపు పెట్టు, /రన్ కింద ఆ గ్రూపుకి ఒక డైరెక్టరీ పెట్టు అని కూర్చోబెట్టి చేయించాను. గంట కూడా పట్టలేదు. ఇంట్లో తలుపు అడ్డొచ్చిందని తలుపు పీకేసే సలహా అన్నిటికంటే ముందు దొరకడం ఈ కాలానికి పట్టిన రోగం.

పనిముట్లు మంచివైనా చూసుకోకపోతే ఏమవుతుందో 2016లో టామ్‌క్యాట్ ప్యాకేజీ చూపించింది. రెడ్‌హ్యాట్ ఏడులోనూ ఫెడోరాలోనూ ఆ ప్యాకేజీ పెట్టిన టామ్‌క్యాట్.కాన్ఫ్ అనే టెంప్‌ఫైల్స్ ఫైలుకి, టామ్‌క్యాట్ గ్రూపువాళ్లు రాసుకోగలిగే పర్మిషన్ ఉండిపోయింది. టెంప్‌ఫైల్స్‌ని చదివి అమలు చేసేది రూట్. అంటే వెబ్ అప్లికేషన్‌లో చిన్న రంధ్రం దొరికి టామ్‌క్యాట్ యూజర్‌గా లోపలికొచ్చినవాడు, ఆ ఫైల్లో తనకి కావలసిన పంక్తి రాసుకుని, మెషీన్ మొత్తానికి యజమాని కావచ్చు. సీవీఈ-2016-5425 అని నంబరిచ్చి సరిచేశారు. పర్మిషన్ అంకెల్లో ఒక్కటి తేడా. ప్యాకేజీ సమీక్షించేటప్పుడు ఫైళ్ల జాబితాలో యజమాని, గ్రూపు, పర్మిషన్ వరసని వేలు పెట్టి చదివే అలవాటు మాకుండేది. ఇప్పుడు సమీక్ష అంటే ఆటోమేటిక్ టెస్టు పచ్చగా వచ్చిందా లేదా అనేదే.

కంటైనర్లొచ్చాక ఇంకా చెడింది. మామూలు డాకర్ కంటైనర్‌లో సిస్టమ్‌డీ ఉండదు. కాబట్టి టెంప్‌ఫైల్స్ చదివేవాడూ లేడు, రన్‌టైమ్‌డైరెక్టరీ పుట్టించేవాడూ లేడు. డెబియన్, ఉబుంటు ఇమేజిల్లో ఎస్ఎస్‌హెచ్‌డీని నేరుగా నడపబోతే /రన్/ఎస్ఎస్‌హెచ్‌డీ అనే డైరెక్టరీ లేదని మొరాయిస్తుంది. ప్రపంచంలో లక్ష డాకర్ ఫైళ్లలో దానికోసం ఎంకేడిర్ అని ఒక పంక్తి అతికించి ఉంటుంది. ఆ డైరెక్టరీ ఎందుకో అతికించినవాళ్లని అడగండి. ఎవరో ఇంకా తేలని కొత్త లాగిన్‌తో మాట్లాడే భాగాన్ని హక్కులు లేకుండా ఒక ఖాళీ డైరెక్టరీలో బంధించి నడపడం ఎస్ఎస్‌హెచ్ చేసే జాగ్రత్త. అందుకే అది ఖాళీగా ఉండాలి, రూట్‌దై ఉండాలి, ఇంకెవరూ రాయలేనిదై ఉండాలి. ఇది తెలియనివాడు రేపు అందులోనే పీఐడీ ఫైలు పెడతాడు, 777 కొడతాడు.

తాజా సంగతి ఇంకోటి. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13, ట్రిక్సీ, /టెంప్‌ని కూడా మెమరీలోకి మార్చింది. ఫెడోరా ఎప్పుడో ఆ దారి పట్టింది. మామూలుగా మెషీన్ మెమరీలో సగం దాకా అది తినొచ్చు. రాత్రిపూట డేటాబేస్ మొత్తాన్ని డంప్ తీసి /టెంప్‌లో పెట్టి, అక్కడినుంచి బ్యాకప్‌కి పంపే స్క్రిప్టులు మనవాళ్ల దగ్గర ఎన్నున్నాయో నాకు తెలుసు. ఎనిమిది జీబీ మెమరీ ఉన్న మెషీన్‌లో ఆరు జీబీ డంప్ పెడితే నాలుగు దగ్గర జాగా అయిపోతుంది, బ్యాకప్ సగంలో తెగుతుంది. ఆ నాలుగు జీబీలూ డేటాబేస్ నోటి దగ్గరి మెమరీయే. పెద్ద ఫైళ్లకి డిస్కు మీద /వార్/టెంప్ ఉంది. అందులో పెట్టినవి రీబూట్ చేసినా ఉండాలని పాత స్టాండర్డులో కూడా రాసుంది. అప్‌గ్రేడ్ చేసే ముందు మీ స్క్రిప్టులన్నిటిలో /టెంప్ అని ఎక్కడెక్కడుందో ఒకసారి గ్రెప్ కొట్టి చూడండి. దయచేసి చూడండి.

పుట్టించడం గురించే ఇంతసేపు చెప్పాను. తీసేయడం గురించి పట్టించుకునేవాళ్లు మరీ తక్కువ. 2024 జూన్‌లో సిస్టమ్‌డీ 256 వచ్చినప్పుడు టెంప్‌ఫైల్స్ ఆదేశానికి పర్జ్ అని కొత్త మాట చేర్చారు. టెంప్‌ఫైల్స్‌లో రాసున్నవాటిని తీసేయడం దాని పని. ఆ పంక్తుల్లో /హోమ్‌ని పుట్టించే పంక్తి కూడా ఉంది. పేరు చూసి చెత్త ఊడ్చే ఆదేశమేననుకుని నడిపినవాళ్ల /హోమ్ మొత్తం పోయింది. వెంటనే 256.1లో, ఏ ఫైలు ప్రకారం తీయాలో చెప్పకపోతే నడవకుండా మార్చారు. ఆ మార్పు మొదటిరోజే ఉండాల్సింది.

నా దగ్గరికి ప్యాకేజీ తెచ్చే పిల్లలతో నేను చేయించేది ఇది. ఇన్‌స్టాల్ చేయి, సర్వీసు లేపు. రీబూట్ చేయి, మళ్లీ లేచిందా చూడు. సర్వీసు ఆపు, /రన్‌లో ఏం మిగిలిందో చూడు. తేదీ పదకొండు రోజులు ముందుకి జరిపి శుభ్రం చేసే టైమర్‌ని నడిపి, సర్వీసు ఇంకా పని చేస్తోందా చూడు. ఆఖరున ప్యాకేజీ తీసేసి, దాని యూజర్ పేరు మీద డిస్కు మొత్తంలో ఎక్కడైనా ఫైలు మిగిలిందా ఫైండ్ కొట్టు. మొన్న ఒకమ్మాయి అంతా సరిగ్గా చేసి, తీసేసే స్క్రిప్టులో యూజర్‌ని కూడా తొలగించింది. "శుభ్రంగా ఉంటుంది కదా సార్" అంది. /వార్/టెంప్‌లో చూడమ్మా అన్నాను. ఆ యూజర్‌వి రెండు ఫైళ్లు మిగిలున్నాయి. యజమాని పేరుండాల్సిన చోట 987 అనే అంకె మాత్రం కనపడుతోంది. ఇప్పుడు ఇంకో ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయి అన్నాను. కొత్త ప్యాకేజీ తన యూజర్‌ని సృష్టించింది, సిస్టమ్ ఖాళీగా ఉన్న 987నే ఆ కొత్త యూజర్‌కి ఇచ్చింది. పాత సర్వీసు చిత్తు ఫైళ్లు, వాటిలో ఉన్న డేటాబేస్ పాస్‌వర్డుతో సహా, ఏ సంబంధమూ లేని కొత్త సర్వీసు సొంతమయ్యాయి. ఫెడోరా ప్యాకేజింగ్ నియమాల్లో, ప్యాకేజీని తీసేసినా అది సృష్టించిన యూజర్‌ని తీయొద్దని రాసింది ఇందుకే. ఆ అమ్మాయి యూజర్‌ని తొలగించే పంక్తి తీసేసి, చిత్తు ఫైళ్లని /వార్/టెంప్ నుంచి క్యాష్‌డైరెక్టరీకి మార్చి, సాయంత్రానికి ప్యాకేజీ మళ్లీ తెచ్చింది. అప్పుడు సంతకం పెట్టాను.